పోటు వేళ తూర్పు ముఖం

రోజు 1

నివాస మండలి వారికి. లైసెన్సు కావాలంటే శిక్షణ సాగే నలభై రోజులూ చిట్టా రాయాలన్నారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకు రాసుకునే సరదా ఏమీ లేదు.

పేరు కడలి మంగతాయారు. వయసు నలభై ఎనిమిది. పని, ఇళ్ళు చూపించడం. తేలుపురంలో ఉన్న నాలుగు వందల చిల్లర తెప్ప ఇళ్ళల్లో రెండు వందల పన్నెండింటికి మనుషుల్ని వెతికి తెచ్చింది నేనే. పంతొమ్మిదేళ్ళ నుంచీ ఇదే పని. ఊరి పేరు విని అక్కడ తేళ్ళుంటాయా అని అడిగేవాళ్ళను కూర్చోబెట్టి, తేళ్ళు కాదు బాబూ, తేలుతుంది కాబట్టి తేలుపురం అని నచ్చజెప్పి, పడవెక్కించి తీసుకొచ్చి, తెప్ప మీద కాలు పెట్టించి, ఊగితే పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని, చివరికి ఇల్లు ఇప్పించడం ఎంత పనో, ఈ చిట్టా చదివి మార్కులేసే మీ యంత్రానికి ఏం తెలుస్తుంది. ఇప్పుడు నాకు ఇల్లు చూపించడం వచ్చో రాదో పరీక్ష పెడతారట.

పొద్దున్నే లైసెన్సు పడవకు వెళ్ళాను. గుమాస్తా చిట్టూరి భానోజీ కూర్చుని ఉన్నాడు. అతనికి ఇల్లు చూపించిందీ నేనే, కాబట్టి కాస్త తలదించుకునే మాట్లాడాడు.

"ఇకనించి లైసెన్సు లేనోళ్ళు దస్తావేజు పెడితే యంత్రం తీసుకోదండి తాయారు గారూ. నా చేతుల్లో ఏం లేదండి."

"నీ చేతుల్లో ఎప్పుడుంది గనక."

"అదేనండి ఆయ్."

రోజు 2

క్లాసు. యంత్రాన్ని ఊళ్ళో అందరూ మేష్టారు అంటున్నారు. గొంతు కూడా అలాగే ఉంది, బెత్తం ఒక్కటే తక్కువ. మూడు గంటల సేపు 'ఇల్లు అనగానేమి' అనే పాఠం చెప్పింది. నేను ఇంటికి పోయి మా తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీక్కోవాలి, కరెంటు ఇచ్చే ఎండ రేకులు తుడుచుకోవాలి, లంగరు గొలుసుకు గ్రీజు పెట్టుకోవాలి. ఇల్లు అనగా అదీ. వారం రోజులు గుల్లలు గీకకపోతే ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుందని చేయెత్తి చెప్పాను. పాఠంలో లేని విషయం అంది మేష్టారు.

రోజు 5

ఈ తొందర ఎందుకో కూడా రాయాలిట. రాస్తాను.

మడ అడవి వెనక, పడవలో రెండు గంటల దూరంలో, గట్టు మీద షెడ్డు ఉంది. ఊళ్ళు మునిగినవాళ్ళను అందులో పెట్టారు. ఆ షెడ్డు నలభయ్యో రోజున, అంటే ఈ చిట్టా అయిపోయే రోజునే మూసేస్తున్నారు. ఆ లోపు సొంత నివాసం రిజిస్టరైన వాళ్ళు ఉండిపోవచ్చు. లేనివాళ్ళను పంటు, అంటే పెద్ద బల్లకట్టు, ఎక్కించి మెట్ట జిల్లాలకు పంపేస్తారు. ఎవర్ని ఎక్కడికి పంపుతారో పంటు ఎక్కాక చెబుతారు.

ఆ షెడ్డులో పెచ్చెట్టి నూకరత్నం ఉంది. ముప్పై రెండేళ్ళ పిల్ల. మొగుడు ఇక్కడే కాలువలో పూడిక తీసే పడవ మీద పని చేస్తాడు, పదిహేను రోజులకొకసారి ఒడ్డుకొస్తాడు. రత్నాన్ని మెట్టకు పంపేస్తే ఇక వాళ్ళు కలిసి ఉండేది ఎప్పుడో. ఆరు నెలలుగా ఆమెకు ఇల్లు చూపిస్తున్నాను. కానీ పునరావాస చీటీ ఆమె పేరు మీద లేదు, అత్తగారు అప్పాయమ్మ పేరు మీద ఉంది. వేలిముద్ర వేయాల్సింది అప్పాయమ్మ గారు. నా తల ప్రాణం తోకకు తెస్తున్నదీ ఆవిడే.

ఇప్పటికి ఆరు ఇళ్ళు చూపించాను. ఆవిడ పడవలోంచి లేవకుండానే ఒకే మాట అడుగుతుంది. "ముఖం ఎటమ్మా?" "తూర్పేనండి పిన్నిగారూ" అంటాను. అప్పుడు దిగి, నాలుగడుగులు వేసి, వంకలు పెడుతుంది. ఒక ఇంటికి మెట్లు ఎత్తు. ఒక ఇంటికి వంటగది చీకటి. ఒక ఇంటి పక్కవాళ్ళ మొహం బాగాలేదు. ఆరో ఇంటికి ఏ వంకా దొరక్క, కాకి అరిచింది అంది. ఇక్కడ కాకులు అరవక పాటలు పాడతాయా.

మామూలుగా అయితే నేనే ఏదో ఒకటి చేసి దస్తావేజు పెట్టేదాన్ని. ఇప్పుడు లైసెన్సు కావాలి. మా ఊళ్ళో లైసెన్సు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మెట్టలో ఉన్న ఒకాయనకు కబురు పెడితే తనకు పడవ పడదన్నాడు.

రోజు 9

రాత పరీక్ష పాసయ్యాను. నూటికి తొంభై ఒకటి. భానోజీకి ఆశ్చర్యం వేసింది. అతనికి ఆశ్చర్యం వేసినందుకు నాకు ఒళ్ళు మండింది.

రోజు 11

ఏడో ఇల్లు, నూట పదిహేడో నంబరు తెప్ప. యజమాని యాళ్ల సత్తిబాబు కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. బంగారం లాంటి ఇల్లు. కొత్త గొలుసు, రెండు గదులు, మంచినీళ్ళ తొట్టి. చూసి చూసి పోటు వేళకు తీసుకొచ్చాను. రత్నం గుమ్మం మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయింది.

"ముఖం ఎటమ్మా?" అంది పడవలోంచి అప్పాయమ్మ గారు.

"ఎదురుగా చూడండి పిన్నిగారూ. సూర్యుడు సరిగ్గా గుమ్మం మీదే ఉన్నాడు. తూర్పే."

ఆవిడ చూసింది. దిగింది. ఒక్క మెట్టు ఎక్కి, ఆ మెట్టు జారుతోంది వద్దంది.

"అత్తయ్యా, మెట్టుకి గోనె పరుచుకుంటే సరిపోద్ది కదా" అంది రత్నం.

"జారే మెట్టు జారే మెట్టేనే" అని ఆవిడ పడవలో కూర్చుంది.

తిరిగి షెడ్డుకు రెండు గంటల ప్రయాణం. నాకు ఆవిణ్ణి చూస్తేనే విసుగు పుట్టుకొచ్చింది. షెడ్డులో ముప్పై మందికి ఒక కుళాయి, పడుకోవడానికి మనిషికి ఒక బల్ల. అక్కడ కూర్చుని ఈవిడ మెట్లు ఎంచుతోంది.

రోజు 15

నమూనా దస్తావేజు రాసి యంత్రానికి ఇచ్చాను, నూట పదిహేడుదే. ఆవిణ్ణి ఎలాగోలా ఒప్పించుకుంటాను, ముందు కాగితం సిద్ధంగా ఉండాలి కదా. హద్దులు నాలుగూ సరిపోయాయి. గొలుసు పొడవు సరిపోయింది. తొట్టి కొలతలు సరిపోయాయి. 'ముఖం: తూర్పు' దగ్గర ఎర్ర గీత పడింది. అసత్యం అని రాసింది.

నేను అసత్యం చెప్పానట. పంతొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు.

మేష్టారికి అర్థమయ్యేలా రాస్తాను. మా తెప్పలు ఒక్కొక్కటీ ఒక్క గొలుసు మీద ఉంటాయి. పోటు వచ్చేటప్పుడు నీళ్ళు సముద్రం వైపు నుంచి వస్తాయి, గొలుసు ఉన్న వైపు, అంటే తలుపు ఉన్న వైపు, తూర్పుకు తిరుగుతుంది. ఆటు వేళ నీళ్ళు వెనక్కి పోతాయి, తలుపు పడమటికి, గట్టు వైపు తిరుగుతుంది. రోజుకు రెండుసార్లు అటు, రెండుసార్లు ఇటు. ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు. కొనేవాళ్ళకు మాత్రం తూర్పు ముఖం కావాలి. అందుకని పోటు వేళ ఉన్న ముఖమే ఇంటి ముఖం అని అందరం అనుకుంటాం. నేను ఇళ్ళు చూపించేది పోటు వేళే. కొన్నవాళ్ళు సాయంత్రానికి చూసుకుంటారు, మర్నాటికి అలవాటు పడతారు. ఇందులో అసత్యం ఏముంది.

భానోజీ యంత్రం కొలతలు చూపించాడు. అది రోజుకు నాలుగుసార్లు ఇంటి ముఖం కొలుస్తుందట. నాలుగూ ఒకటైతేనే ఒప్పుకుంటుంది.

"తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం కాకపోతే అయిదో గడి ఉందండి" అన్నాడు.

"ఏంటది?"

"స్థిరం కాదు అనండి."

స్థిరం కాని ఇల్లు అని కాగితం మీద రాసి ఎవరికి ఇవ్వమంటాడు. ఒకసారి మునిగిన ఇంట్లోంచి వచ్చినవాళ్ళకా.

రోజు 19

ఇవాళ చేసిన పని చిట్టాలో రాయకూడదనుకున్నాను. కానీ ఊరంతా నవ్వుతోంది, యంత్రానికి ఎలాగూ తెలుస్తుంది.

నూట పదిహేడుకు వెనక నుంచి ఇంకో తాడు కట్టించాను, కాలవలో పాత గుంజ ఒకటి ఉంటే దానికి. నాలుగు కొలతలూ అయ్యేదాకా తూర్పునే పట్టి ఉంచితే చాలు, ఒక్క రోజు. పొద్దున కొలత తూర్పు. బాగానే ఉంది. ఆటు మొదలయ్యేసరికి నీళ్ళు వెనక వైపు నుంచి వచ్చి కొట్టాయి. వెనక వైపు వంటగది, అటు ఎత్తు తక్కువ. సత్తిబాబు ఎండబెట్టుకున్న చేపలు వంటింట్లో ఈదడం మొదలుపెట్టాయి. ఆయన పీట మీద నిలబడి, "తాయారమ్మా, నా కొంప నిలబెడతావనుకుంటే ముంచుతున్నావేంటి" అన్నాడు. కత్తితో తాడు కోశాను. ఇల్లు గిరుక్కున తిరిగింది.

మూడో కొలత పడమర. మళ్ళీ ఎర్ర గీత. గుడ్డలు తెచ్చి ఆ వంటిల్లు తుడిచేసరికి నడుం పడిపోయింది.

రోజు 24

'పోటు వేళ తూర్పు' అని రాశాను. గడిలో ఒక్క మాటే పడుతుంది అంది మేష్టారు. 'పోటువేళతూర్పు' అని కలిపి రాశాను. అటువంటి దిక్కు లేదు అంది.

"దిక్కు లేదని నాకూ తెలుసు. దిక్కు లేకనే నీ దగ్గరికొచ్చాను" అన్నాను. భానోజీ నవ్వాపుకోవడానికి ముక్కు నొక్కుకున్నాడు. యంత్రం నవ్వలేదు.

రోజు 29

షెడ్డు గోడకు పంటు జాబితా అంటించారు. పెచ్చెట్టి అప్పాయమ్మ, పెచ్చెట్టి నూకరత్నం అని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రత్నం ఏడవలేదు. జాబితా ముందు నిలబడి పక్కనున్నవాళ్ళ పేర్లు కూడా ఒక్కొక్కటే చదువుతోంది.

"అక్కా, మా ఆయనకి ఏం చెప్పమంటావు?" అంది.

పది రోజులు ఆగమన్నాను. ఆగితే ఏమవుతుందో నాకే తెలియదు. ఆ మాట అన్నందుకు వచ్చే దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

రోజు 33

నెత్తీ నోరూ కొట్టుకోవడం అయిపోయింది. అయిదో గడి నింపాను. స్థిరం కాదు. దాని కింద వివరం రాసే చోటుంటే పోటు వేళ ఎటో, ఆటు వేళ ఎటో రాశాను. యంత్రం వెంటనే ఒప్పుకుంది, పచ్చ గీత పడింది. పద్దెనిమిది రోజులు నేను ఎంత తెలివితక్కువగా తిరిగానో చెప్పినట్టుంది ఆ పచ్చ గీత.

కానీ అయిదో గడి నింపితే ఇంకో నిబంధన ఉంది. అభ్యర్థి ఆ ఇంటి దగ్గరే, కొనేవారి ఎదుట, యంత్రం వింటుండగా దస్తావేజు మొత్తం చదివి వినిపించాలి. వాళ్ళు విని సమ్మతిస్తే లైసెన్సు, వేలిముద్ర ఒకేసారి. కాదంటే మళ్ళీ మూడు నెలలకు రమ్మంటారు. ముప్పై ఎనిమిదో రోజు ఇచ్చారు.

తూర్పు ముఖం అంటేనే మెట్టుకు వంక పెట్టిన మనిషికి, ముఖమే లేని ఇల్లని చదివి వినిపించాలి.

రోజు 36

రత్నం ఒక్కతే వచ్చింది, దొరికిన పడవ పట్టుకుని.

"మెల్లగా అంటే మా అత్తయ్యకి ఇనపడదక్కా. నువ్వు ముఖం కాడికొచ్చేసరికి గొంతు తగ్గించి చదివెయ్యి. చెయ్యట్టుకుని నేను ముద్ర ఏయించేస్తాను."

నాకూ ఆ ఆలోచన వచ్చింది. ముందే వచ్చింది. ఇంతకాలం చేసింది అదే కదా, కాకపోతే కాగితం లేకుండా. ఎల్లుండి చూద్దాంలే అని పంపేశాను. యంత్రం ఈ మాట చదివి నన్ను తీసేస్తే తీసెయ్యనీ.

రోజు 38

నూట పదిహేడు ముందు అరుగు మీద కూర్చున్నాం. భానోజీ మేష్టారి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, సత్తిబాబు వంటగదిని కాపలా కాస్తూ, రత్నం అత్తగారి చెయ్యి పట్టుకుని. అప్పాయమ్మ గారు పడవలోంచి ఈసారి ముఖం ఎటని అడగలేదు. ఇక అడిగేదేముందన్నట్టు దిగి కూర్చుంది.

చదవడం మొదలుపెట్టాను. హద్దులు, గొలుసు, తొట్టి. ముఖం దగ్గరికి వచ్చేసరికి రత్నం నా వైపు చూసింది. గొంతు తగ్గిద్దామనే అనుకున్నాను. ఎందుకో విసుగొచ్చింది, యంత్రం మీద కాదు, ఇన్నాళ్ళుగా చెబుతున్న ఆ ఒక్క మాట మీద. గట్టిగానే చదివాను.

"ముఖం స్థిరం కాదు. పోటు వేళ తూర్పు, అనగా సముద్రం వైపు. ఆటు వేళ పడమర, అనగా గట్టు వైపు."

అప్పాయమ్మ గారు రత్నం చేతిలోంచి చెయ్యి తీసుకుంది. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"అంటే ఇది పొద్దస్తమానం సముద్రానికేసి చూస్తా కూచోదా?"

"కూచోదండి పిన్నిగారూ. తిరుగుతూ ఉంటుంది."

"మిగతా ఇళ్ళో? ముందు చూపించినయ్యి?"

"అన్నీ ఇంతేనండి."

"మరి ఏడు నెలలబట్టి తూర్పు, తూర్పు అన్నావేంటమ్మా?"

"అందరికీ తూర్పే కావాలి కదండీ. మీరు కూడా..."

"నేను కావాలన్నానా? ఎటని అడిగాను."

తర్వాత ఆవిడే చెప్పింది, రత్నం వైపు చూడకుండా.

"మా ఇల్లు తూర్పు ముఖమే. ఊరు మునిగిన పొద్దు ఎవరో తలుపు కొడతన్నట్టు చప్పుడైంది. చుట్టాలొచ్చారనుకుని గడియ తీసింది నేనే. తీస్తే సముద్రం. మీ మావయ్య నా ఎనకాలే ఉన్నాడు."

"మావయ్య మీద గోడ కూలిందన్నారు కదా అత్తయ్యా" అంది రత్నం.

"గోడ తరవాత కూలిందే."

రత్నం ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది. ఆవిడ నా వైపు తిరిగింది.

"తూర్పొద్దని ఎవరితో చెప్పను? అందరూ ఏరి కోరి కొనుక్కునేదాన్ని నేనొద్దంటే పిచ్చిదాన్నంటారు. అందుకే మెట్లకీ కాకులకీ వంక పెట్టాను. రోజుకి ఎన్నిసార్లమ్మా, అటు తిరిగేది?"

"రెండు పోట్లండి. ఒక్కోటీ ఆరు గంటలు."

"ఆ రెండు పూట్లా తలుపేసుకుంటాను. ఏదీ, సిరా ఇటియ్యి."

ముద్ర వేసింది. చదివి వినిపించడమైనది, విని సమ్మతించడమైనది, అభ్యర్థి ఉత్తీర్ణురాలు అంది మేష్టారు. భానోజీ చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసి మానేశాడు.

రోజు 39

లైసెన్సు చేతికొచ్చింది. సంతోషంగా లేదు. సిగ్గుగా ఉంది.

మొదటి ఇంటి దగ్గరే ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఆవిడ ఆ రోజే ఒప్పుకునేది. ఏడు నెలలు ఆ షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టింది నేను. యంత్రాన్ని తిట్టాను, భానోజీని తిట్టాను, ఆవిణ్ణి మనసులో ఎన్ని తిట్టానో లెక్కలేదు.

పాత పుస్తకాలు తీశాను. ఇల్లు చూసి వద్దన్నవాళ్ళ పేర్లు వెనక పేజీల్లో రాసుకునే అలవాటు. పేరు పక్కన 'నసమనిషి', 'చాదస్తం', 'వంకలమారి' అని రాసుకున్నాను. వాళ్ళలో ఎందరు ముఖం ఎటని అడిగి, నేను తూర్పనగానే వెనక్కి వెళ్ళిపోయారో గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. పదకొండు మంది గుర్తొచ్చారు. తొమ్మిది మంది ఇప్పుడు మెట్టలో ఎక్కడున్నారో తెలియదు. ఇద్దరు ఇంకా గట్టు మీదే ఉన్నారు, రేపటి పంటు జాబితాలో.

మధ్యాహ్నమే పడవ మాట్లాడుకుని షెడ్డుకు వెళ్ళాను. ఇద్దరికీ చెప్పాను. ఒకాయన, ఇప్పుడా చెప్పేది అని పక్కకు తిరిగి కూర్చున్నాడు. రెండో ఆవిడ చీటీ తీసి నా చేతిలో పెట్టింది. మా ఇంటి పక్క రెండు వందల నాలుగో నంబరు తెప్ప ఖాళీగా ఉంది. అక్కడి నుంచే తీసుకొచ్చి, దస్తావేజు అంతా గట్టిగా చదివి వినిపించి, చీకటి పడేలోపు కాగితం పెట్టించాను.

రోజు 40

పొద్దున పంటు వెళ్ళిపోయింది. పక్కకు తిరిగి కూర్చున్నాయన అందులో ఉన్నాడు. ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాను. ఆయన చూశాడు గానీ ఊపలేదు.

దస్తావేజు నకలు ఇద్దామని నూట పదిహేడుకు వెళ్ళాను. పోటు వేళ అని తెలుసు, అయినా వెళ్ళాను. తలుపు వేసి ఉంది. రత్నం మొగుణ్ణి తీసుకురావడానికి పూడిక పడవ దగ్గరికి వెళ్ళిందట, పక్కింటివాళ్ళు చెప్పారు. నేను తలుపు కొట్టలేదు. కొట్టకూడదనిపించింది. మెట్టు మీద పరిచిన గోనె మీద కూర్చుని, "పిన్నిగారూ, తాయారునండి" అని పిలిచాను.

"ఇంకా పోటేనా అమ్మా?" అంది లోపలి నుంచి.

"ఇంకో గంటుందండి."

"కూచుంటావా?"

"కూచుంటానండి."

లోపల ఆవిడ బియ్యం ఏరుకుంటున్నట్టుంది, చేట చప్పుడు వినిపిస్తోంది. ఎదురుగా సముద్రం. ఎండ మొహం మీద కొడుతోంది. ఏడు నెలల్లో నేను ఎన్ని అబద్ధాలు ఆడానో ఆవిడ ఇవాళ మళ్ళీ ఎత్తలేదు. రేవు మాటలు, రత్నం మొగుడి మాటలు, చింతకాయ పచ్చడి మాటలు చెప్పుకున్నాం, మధ్యలో తలుపు పెట్టుకుని.

గంట దాటాక గొలుసు వదులైంది. నీళ్ళు ఒక నిమిషం కదలకుండా ఉన్నాయి. తర్వాత ఇల్లు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. సముద్రం పక్కకు పోయింది, మడ అడవి వచ్చింది, గట్టు వచ్చింది.

"ఇప్పుడు తీయొచ్చండి" అన్నాను.

లోపల గడియ తీసిన చప్పుడైంది.